నెల్లూరులో కలలు చెప్పుకునే కూటమి: ముందే ఏ నియమాలు పెట్టుకోవాలి?

పెన్నాతీరం (నెల్లూరు)
అందరికీ నమస్కారం. ఇక్కడ చదువరుల బృందం ఒకటి నెలకో ఆదివారం కూర్చుని కలలు చెప్పుకోవాలనుకుంటోంది. మొత్తం ఎనిమిది మంది. ఫీజు లేదు. డాక్టర్లు లేరు, జ్యోతిష్యులూ లేరు. ఫలం చెప్పే పని పెట్టుకోం. కల చెప్పిన మనిషి దాన్ని తిరగేసి చూసుకుంటుంటే పక్కన ఉంటాం, అంతే. ఇప్పటికి రాసుకున్నవి నాలుగు: పద్దెనిమిదేళ్లు నిండాలి, ఫోన్లు ఆపేయాలి, విన్నది బయట చెప్పకూడదు, ఎవరినీ ఎగతాళి చేయకూడదు. ఇవి చాలవని తెలుసు. ఎక్కడ దెబ్బతింటుందో తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

ఉదయగిరి దుర్గం
మీ నాలుగూ గుమ్మం దగ్గరి నియమాలు. లోపల కూర్చున్నాక ఏం జరగాలో వాటిలో లేదు, చెడేది మాత్రం అక్కడే. అందుకని పద్ధతి గురించి రాస్తున్నా.

మాంటేగ్ ఉల్మన్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1970ల్లో మామూలు మనుషులు వాడుకునేలా ఒక వరస తయారుచేశాడు. ఆరు నుంచి ఎనిమిది మంది, ఒక్కో కలకు గంటన్నర నుంచి రెండు గంటలు. ఒకే రోజు రెండు కలలు పెట్టుకోవద్దు. రెండో మనిషి చెప్పే సరికి వినేవాళ్లు అలిసిపోయి ఉంటారు.

మొదలు 'ఎవరైనా చెబుతారా?' అని అందరినీ కలిపి అడగాలి. 'ఈసారి మీ వంతు' అని వేలు చూపించకూడదు. ఎవరూ ముందుకు రాకపోతే టీ తాగి ఇళ్లకు పోవచ్చు, నష్టమేం లేదు. కల ఆ వారంలోదైతే మేలు. ఎప్పుడో చిన్నప్పటి కలకు ముందురోజు ఏం జరిగిందో గుర్తుండదు, ఆ ముందురోజు తెలియకుండా కల సగమే దొరుకుతుంది.

కల నెమ్మదిగా చెప్పాలి, మిగతావాళ్లు రాసుకోవాలి. తర్వాత ఒక పది నిమిషాలు స్పష్టత కోసం ప్రశ్నలు. అది తెలిసిన ఇల్లేనా? కలలో మీ వయసెంత? వెలుతురుందా? ఆ క్షణాన ఏమనిపించింది? అంతవరకే. 'మీ ఆయనతో ఏమైనా గొడవా?' అనేది స్పష్టత ప్రశ్న కాదు, కూపీ లాగడం. 'అతను మనవాళ్లేనా?' అన్నదీ అంతే. కలలో మనిషి కులం ఎవరికీ అక్కర్లేదు.

తర్వాత కల చెప్పినామె ఏమీ మాట్లాడకుండా కూర్చుంటుంది. మిగతావాళ్లు ఆ కల తమకే వచ్చిందనుకుని మాట్లాడతారు. మొదటి పది నిమిషాలు భావాలు, ఆపైన పదిహేను ఇరవై నిమిషాలు కలలోని వస్తువులూ మనుషులూ. 'ఇదే కల నాకొస్తే, గడియ పడని ఆ తలుపు చూసి నాకు ఊపిరాడదు' ఇట్టా. ఆమె మొహం చూడకుండా ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. చూస్తూ మాట్లాడితే ఆమె కళ్లలో అవునా కాదా అని వెతుకుతారు, ఆమేమో మర్యాదకు తలూపుతుంది. అక్కడితో కల ఆమె చేయి దాటిపోయినట్టే.

ఆ తర్వాత కలను ఆమెకు అప్పజెప్పాలి. ఎంతసేపు మాట్లాడినా మధ్యలో ఎవరూ అందుకోకూడదు. ఆమె ఇంకా కావాలంటేనే ముందురోజు సాయంత్రం గురించి అడగడం, రాసుకున్న కలను వాక్యం వాక్యంగా ఆమెకే చదివి వినిపించడం. ప్రతి మెట్టు దగ్గరా 'ముందుకు పోదామా?' అని అడగండి. చాలంటే చాలు. ఎందుకని అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఎక్కువగా పాడయ్యేది ఆ కల తమదే అనుకుని మాట్లాడే మెట్టే. 'ఇదే కల నాకొస్తే, మా అత్తగారంటే నాకు భయమనుకుంటా' అంటాడొకడు. వాడికి పెళ్లే కాలేదు! తనదని చెబుతూ ఆమెను అంటున్నాడన్నమాట. నడిపించే మనిషి అప్పుడే ఆపి, 'మీ బతుకులోంచి చెప్పండి' అనాలి. రెండుసార్లు ఆపితే గుంపంతా నేర్చుకుంటుంది.

చేపల పులుసు
ఏందన్నా ఈ తతంగం? పాము కనపడితే ఒకటి, పళ్లూడితే ఒకటి, తెల్లారుజామున వస్తే నిజమవుద్ది. పంచాంగం తిరగేస్తే అన్నీ ఉండాయి. మన అవ్వలు రెండు ముక్కల్లో చెప్పేవాళ్లు గదా.

మూలాపేట
పంచాంగం పేజీ ఒక్కటే మన సంప్రదాయం అనుకోవద్దు అబ్బయ్యా. చరక సంహిత ఇంద్రియస్థానం అయిదో అధ్యాయంలో కలలు ఏడు రకాలన్నారు: చూసినది, విన్నది, అనుభవించినది, కోరుకున్నది, ఊహించుకున్నది, రాబోయేది సూచించేది, దోషాల వల్ల వచ్చేది. వీటిలో మొదటి అయిదింటికీ ఫలం లేదని అక్కడే తేల్చేశారు. పగటి కలకూ, మరీ పొట్టి కలకూ, మరీ పొడుగు కలకూ లేదన్నారు. అంటే వచ్చే కలల్లో చాలావాటికి ఫలం వెతకనక్కర్లేదని పాత వైద్యమే చెబుతోంది.

ఇక పళ్లూడిన కల. వినగానే 'ఇంట్లో పెద్దవాళ్లకు కష్టం' అన్నారనుకోండి. ఆమె నాన్న ఆసుపత్రిలో ఉంటే ఆ మాటతో రాత్రంతా నిద్రపోదు. చెప్పినవాడు హాయిగా ఇంటికి పోతాడు. కూటమిలో ఫలం చెప్పడం నిషేధం అని మొదటి పంక్తిలోనే రాయండి.

తెల్లకోటు (ఒంగోలు)
కూటమి పని కానివి కొన్ని ఉన్నాయి. వాటిని పసిగట్టి పక్కకు పంపడం కూడా మీ బాధ్యతే.

యాభై దాటిన మనిషి, ఎక్కువగా మగవాళ్లు, నిద్రలో తన్నడం, గుద్దడం, అరవడం, మంచం మీద నుంచి దూకడం. అడిగితే 'ఎవరో తరుముతున్నట్టు కల' అంటారు. మామూలుగా కలలొచ్చే రెమ్ నిద్రలో కండరాలు వదులైపోయి ఒళ్లు కదలదు. ఆ కట్టు తప్పితే కలలో చేసేదంతా ఒళ్లు చేసేస్తుంది. 1986లో అమెరికాలో దీన్ని ఒక జబ్బుగా గుర్తించారు. చాలామందిలో ఇది ఏళ్ల తర్వాత వచ్చే పార్కిన్సన్ లాంటి నరాల జబ్బులకు ముందు సూచన. అలాగని కూటమిలో పార్కిన్సన్ అనే మాట ఎత్తి భయపెట్టవద్దు. 'న్యూరాలజిస్టుకు ఒకసారి చూపించండి, ఈలోపు మంచం పక్కన గట్టి వస్తువులు తీసేయండి' అంటే చాలు. తరిమేవాడు ఎవరనే చర్చ అక్కర్లేదు.

మందులు రెండోది. ప్రొప్రనలాల్ (బీపీకి), మాంటెలుకాస్ట్ (ఉబ్బసానికి), ఎఫావిరెంజ్ (హెచ్‌ఐవీకి) లాంటివి కొందరికి పీడకలలు తెస్తాయి. డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి ఆపినా, తాగుడు ఉన్నట్టుండి మానినా కలలు ఉప్పెనలా వస్తాయి. 'ఈమధ్య మందులేమైనా మారాయా?' అని అందరి ముందూ అడగకండి. ఏ మందో బయటపడితే ఏ జబ్బో బయటపడుతుంది. అందరికీ వర్తించే మాటగా మొదట్లోనే చెప్పండి: 'కొత్త మందు మొదలయ్యాక కలలు మారితే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.'

గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, మెలకువ వచ్చినా కదల్లేనట్టు అనిపించడం నిద్ర పక్షవాతం. మెలకువ ముందొచ్చి, కండరాల కట్టు కొన్ని క్షణాలు ఆలస్యంగా వీడుతుంది. నిద్ర చాలకపోయినా, వెల్లకిలా పడుకున్నా ఎక్కువ. దయ్యమని ఒప్పుకోవద్దు, నవ్వనూ వద్దు.

చచ్చిపోవాలనే మాట కల మధ్యలో వచ్చినా, కల బయట వచ్చినా అక్కడితో కూటమి ఆపేయండి. ఒకరు ఆ మనిషి దగ్గర కూర్చోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. నెల్లూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఈ వివరాలు గోడకు అంటించి ఉంచండి. అవసరం పడ్డాక వెతుక్కుంటూ కూర్చోకూడదు.

పెన్నాతీరం (నెల్లూరు)
ఉదయగిరి గారూ, తెల్లకోటు గారూ, చాలా థాంక్స్. గోప్యత సంగతి? 'ఏం చెప్పినా బయటికి పోదు' అని రాసేశాం.

కోర్టు సెంటర్
ఆ వాక్యం కొట్టేయండి. మీరు నిలబెట్టుకోలేని మాట అది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యత చెబుతుంది గానీ అది వైద్యం చేసేవాళ్లకు. మీ కూటమికి ఉన్నది ఒకరికొకరు ఇచ్చుకున్న మాట మాత్రమే. ఆ సంగతి సభ్యులకు ముందే తెలియాలి.

రెండోది పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం ఉన్నా 19వ సెక్షన్ ప్రకారం ఎవరైనా సరే పోలీసులకు చెప్పాల్సిందే. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ. కాబట్టి ఇట్టా రాసుకోండి: 'ఇక్కడ విన్నది బయట చెప్పం. ఎవరి ప్రాణానికైనా ముప్పున్నప్పుడు, పిల్లల మీద నేరం సంగతి తెలిసినప్పుడు మాత్రం చెప్పక తప్పదు.' కల చెప్పక ముందే దీన్ని చదివి వినిపించాలి. చెప్పాక చదివితే మోసం.

అయితే కల సాక్ష్యం కాదు. ఫలానా మామయ్య కలలో భయపెట్టాడంటే నిజంగా ఏదో చేశాడని ఎవరూ అనకూడదు, సూచించనూ కూడదు. మెలకువలో జరిగిందని ఆమె తనే చెబితే అది వేరే సంగతి.

కొండపి బ్యారన్
ఇక్కడే నాకు పేచీ. అనుభవమున్న మనిషికి కల వినగానే విషయం అర్థమవుతుంది. తెలిసీ నోరు మూసుకుని 'ఇదే కల నాకొస్తే' అని నటించడం ఏం నీతి? తెలిసింది చెప్పడమే సాయం గదా.

ఉదయగిరి దుర్గం
బ్యారన్ అన్నా, తెలిసిందని మీకెట్టా తెలుసు? కల చెప్పినామె అవునంటేనే గదా. ఆ అవును మీ హోదా వల్ల వచ్చిందా, కల వల్ల వచ్చిందా అని విడదీయడం చాలా కష్టం. 1990ల్లో ఇటలీలో మజోని, లాఫ్టస్ అనే మనస్తత్వ పరిశోధకులు దీన్నే పరీక్షించారు. విద్యార్థుల కలలు విని, ఒక మానసిక నిపుణుడు 'మూడేళ్ల వయసులోపు మీరెక్కడో తప్పిపోయి ఉంటారని ఈ కల చెబుతోంది' లాంటి మాట అన్నాడు. అప్పటిదాకా అట్టాంటిదేం జరగలేదన్న వాళ్లలో చాలామంది తర్వాత జరిగిందేమోనని నమ్మడం మొదలుపెట్టారు. అదీ ఒక్కసారి కూర్చున్నందుకే. కోర్టు సెంటర్ గారు చెప్పిన మామయ్య విషయంలో ఇట్టాంటి మాట పడితే ఒక కుటుంబం ముక్కలవుతుంది, అదీ జరగని దానికి.

కలల మీద పనిచేసేవాళ్ల అంతర్జాతీయ సంఘం 1983లో మొదలైంది. వాళ్ల నీతి ప్రకటనలోనూ కల అర్థం తేల్చేది కలగన్న మనిషే అని ఉంది. సర్టిఫికెట్ ఉన్నా ఆ హక్కు మన చేతికి రాదు.

కొండపి బ్యారన్
సరే, చిన్నప్పటి జ్ఞాపకాల దాకా ఒప్పుకుంటా. మిగతా వాటిలో మరీ బిగించారనే ఇప్పటికీ అనుకుంటున్నా.

మైపాడు అల
వాట్సాప్ గ్రూపు పెడతారు, రాసిపెట్టుకోండి. పెట్టిన మర్నాడే ఎవరో 'నిన్నటి కల భలే ఉంది' అంటారు. గ్రూపు ఉంటే తేదీ, చోటు చెప్పడానికే ఉండాలి. కల గురించి ఒక్క అక్షరం వద్దు, వాయిస్ మెసేజీ అసలే వద్దు.

పేరు తీసేస్తే సరిపోతుందని అనుకోవద్దు. మనవి చిన్న ఊళ్లు. 'ట్రంకు రోడ్డులో కొట్టు, ఇద్దరు కూతుళ్లు, ఒకమ్మాయి దుబాయ్‌లో' అంటే కావలి సగం గుర్తుపడుతుంది. కల రాసుకున్న కాగితాలు చివర్లో అన్నీ కలగన్నామెకే ఇచ్చేయాలి, ఒక్కొక్కటీ లెక్కపెట్టి.

ఇంకోటి, ఇది కొత్త రోగం: ఎదుటివాళ్ల కలను ఏఐ చాట్‌లో వేసి అర్థం అడగడం. అదీ బయట చెప్పడమే. మీ సొంత కల మీ ఇష్టం.

ఒకే ఇంటివాళ్లు, అత్తా కోడళ్లు, యజమానీ పనివాళ్లూ, టీచరూ విద్యార్థీ ఒకే గుంపులో ఉండకూడదు. ఒకరు ఇంకొకరి జీతమో, మార్కులో, అన్నమో పెట్టే చోట 'చాలు' అనే హక్కు ఉత్తదే.

చేపల పులుసు
మరి చనిపోయిన పెద్దోళ్లు కలలోకొచ్చి అన్నం అడిగితే? ఇది మాత్రం ఉత్త కల కాదు. తద్దినం సరిగా పెట్టలేదనే గదా.

మూలాపేట
ఆమె అట్టా అనుకుంటే పెట్టుకుంటుంది. మీరు 'ఆయనకు ఆకలిగా ఉంది' అనకూడదు, పక్కనున్న హేతువాది 'అదంతా మెదడు పని' అనకూడదు. రెండూ దుఃఖంలో ఉన్న మనిషి మీద ఎక్కడమే. అడగదలిస్తే ఇవి అడగండి: ఆయన ఎట్టా కనిపించాడు, ఏ వయసులో, చూడగానే మీకేమనిపించింది. చాలాసార్లు ఆమెకు కావలసింది ఆయన గురించి కాసేపు మాట్లాడటం. కూటమిలో ఎవరూ హోమం, రాయి, యంత్రం, ఫలానా స్వామి ఫోన్ నంబరు ఇవ్వకూడదు. ఒక్కసారి ఇచ్చినా ఆ మనిషిని తీసేయండి. రెండో అవకాశం వద్దు, ఇది డబ్బు వ్యవహారం.

కసుమూరు
మా ముస్లింలలో చెడ్డ కలను ఎవరికీ చెప్పకూడదనే హదీసు (ప్రవక్త మాట) ఉంది. మంచి కలైనా నచ్చినవాళ్లకే చెప్పుకుంటాం. కాబట్టి 'మనసులో పెట్టుకుంటే పీడిస్తుంది, చెప్పేయండి' అని ఒత్తిడి చేయవద్దు. ఎవరైనా ఏడాదంతా వింటూనే ఉండి ఒక్క కలా చెప్పకపోయినా సభ్యుడే. అట్లాగే రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర ఫలానా రొట్టె తీసుకోమని కలొచ్చిందని ఒకామె చెబితే, తీసుకోవాలా వద్దా అనేది ఆమె విషయం. ఓటింగ్ పెట్టే సంగతి కాదు.

పలకా బలపం (మార్కాపురం)
పద్దెనిమిదేళ్ల నియమం మంచిదే. బడుల్లో కొందరు 'రాత్రి ఏం కలొచ్చిందో అందరూ చెప్పండి' అని క్లాసులో చేయిస్తారు, అది వద్దు. పక్క తడపడం, తాగొచ్చే నాన్న, అన్నీ నలభై మంది ముందు బయటపడతాయి. బొమ్మ వేయమనొచ్చు. వేసింది చూపించడం పిల్లల ఇష్టం.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంటుంది. నిద్రపోయిన ఒకటి రెండు గంటల్లోనే లేచి అరిచి, మనల్ని గుర్తుపట్టక, తెల్లారి ఏమీ గుర్తులేకపోతే అది కల కాదు, గాఢనిద్రలోంచి సగం మెలకువ. లేపకుండా, దెబ్బ తగలకుండా చూస్తే చాలు. పీడకల తెల్లవారుజాము వైపు వస్తుంది, పిల్లలు పూర్తిగా మేల్కొని చెబుతారు. వాళ్లను దగ్గరికి తీసుకోవాలి. మొదటిదానికి అర్థం వెతకడం, తాయెత్తు కట్టడం దండగ.

పెన్నాతీరం (నెల్లూరు)
మళ్లీ మళ్లీ ఒకే పీడకల వచ్చేవాళ్లకు ఏమైనా చేయొచ్చా? 2021 నవంబరు పెన్నా వరద తర్వాత నీళ్ల కలలు చాలామందికి వచ్చాయంటారు.

తెల్లకోటు (ఒంగోలు)
మామూలు పీడకలైతే ఒక పద్ధతి ఉంది. పగటిపూట ఆ కలను కాగితం మీద రాసి, ఆ మనిషే తనకు నచ్చినట్టు మార్చి రాయాలి. ఎట్టా మార్చాలో మనం చెప్పకూడదు. నీళ్లు తగ్గినట్టు రాస్తారో, తను చేపైనట్టు రాస్తారో వాళ్ల ఇష్టం. కొత్తదాన్ని రోజూ పది నుంచి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోవాలి. పాతదాన్ని మళ్లీ తవ్వకూడదు. కొన్ని వారాలు పడుతుంది. తేలికపాటి కలతో మొదలుపెట్టాలి. అందరూ నేరుగా అన్నిటికంటే భయంకరమైనదాన్ని పట్టుకుంటారు, రెండు రోజుల్లో వదిలేస్తారు.

ప్రమాదంలో మనుషుల్ని పోగొట్టుకుని, జరిగింది జరిగినట్టే కలలో తిరిగి వస్తుంటే, పగలు కూడా ఉలిక్కిపడుతుంటే కూటమిలో చేయవద్దు. అది శిక్షణ ఉన్నవాళ్ల పని. తుపాను వెళ్లిన వారంలో పునరావాస శిబిరానికి పోయి 'మీ కలలు చెప్పండి' అనడం మరీ తప్పు. అప్పుడు కావలసింది పొడి బట్టలు, తమవాళ్ల ఆచూకీ. వాళ్లంతట వాళ్లు మాట్లాడితే వినండి.

పెన్నాతీరం (నెల్లూరు)
మొదట్లో చదవడానికి ఇట్టా రాశాను, చూడండి:

'ఇక్కడ ఎవరూ ఫలం చెప్పరు, వైద్యం చేయరు. కల చెప్పడం తప్పనిసరి కాదు. చెప్పేవారు ఎక్కడైనా ఆపవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. కల అర్థం చెప్పినవారిదే. విన్నది బయటికి పోదు. ప్రాణానికి ముప్పు, పిల్లల మీద నేరం, ఈ రెండింటిలో మాత్రం చెప్పాల్సి వస్తుంది. కాగితాలు చివర్లో తిరిగి ఇచ్చేస్తాం. ఇందులో ఏదైనా ఇబ్బందిగా ఉంటే టీ తాగి వెళ్లవచ్చు, ఏమీ అనుకోం.'

కోర్టు సెంటర్
బాగుంది. 'బయటికి పోదు' బదులు 'మేం బయట చెప్పం' అనండి. ఎనిమిది మంది తరఫున ఒకరు హామీ ఇవ్వలేరు. ప్రతి ఒక్కరూ నోటితో ఒప్పుకోవాలి. కొత్త మనిషి చేరిన ప్రతిసారీ మళ్లీ చదవండి.

ఉదయగిరి దుర్గం
నడిపించే మనిషి నెలనెలా మారాలి. తన కల చెప్పే రోజు నడిపించకూడదు. ముగిశాక చివరి పది నిమిషాలు కల ఊసే లేకుండా ఎండలూ, కరెంటు బిల్లూ, ఏదో ఒకటి మాట్లాడుకోండి. ఏడ్చిన మనిషిని వెంటనే స్కూటీ ఎక్కించి పంపొద్దు.

చేపల పులుసు
టీ నేను పెడతా. కల మాత్రం చెప్పను. పర్లేదు గదా?

పెన్నాతీరం (నెల్లూరు)
పర్లేదన్నా, రండి. అయితే పళ్లూడిన కల ఎవరైనా చెబితే ఏం మాట్లాడకుండా వినాలి మరి.